నాఖుదా అధికారము - యజమాని బాధ్యత

ఓడ కప్తానును ఉర్దూలో ‘నాఖుదా’ అంటారు. నావకు ప్రభువు అని ఆ మాటకు అర్థము. తీరము దాటిన తరువాత ఓడలో అతని మాటకు తిరుగులేదు. అంతర్జాతీయ చట్టము కూడ అతనికి ఆ స్థానమునే ఇచ్చినది. 1912లో టైటానిక్ మునిగిన పిమ్మట, 1914లో సముద్రముపై ప్రాణరక్షణకై దేశములు ఒక ఒడంబడిక చేసికొన్నవి. అది క్రమముగా పెరిగి నేడు ఒక స్పష్టమైన నియమమును కలిగి ఉన్నది: ప్రాణరక్షణకై కప్తాను చేయు నిర్ణయమును ఓడ యజమానిగాని, ఓడను అద్దెకు తీసికొన్నవారుగాని అడ్డగించరాదు. ఇంత అధికారము ఉండియు తుపానునకు ఎదురుగా ఓడను నడిపించు కప్తానులు ఎందుకు కనబడుచున్నారు? కాగితముపై అధికారము ఉన్నంత మాత్రమున చాలదనియు, దానిని వాడుకొను ధైర్యము ఒడ్డున కూర్చున్నవారి నడవడినుండియే పుట్టుననియు మా అభిప్రాయము.

2015 సెప్టెంబరు 29 రాత్రి అమెరికాలోని జాక్సన్‌విల్ రేవునుండి ‘ఎల్ ఫారో’ అను సరకుల ఓడ ప్యూర్టోరికోలోని శాన్‌హువాన్‌కు బయలుదేరినది. అది 1975లో కట్టిన ఓడ. దారిలో ‘వాకీన్’ అను తుపాను బలపడుచున్నది. అక్టోబరు 1 ఉదయమున బహామా దీవుల చెంత ఓడ మునిగిపోయినది. అందున్న 33 మందిలో ఒక్కరును మిగులలేదు. మరుసటి ఏడు సుమారు 15,000 అడుగుల లోతునుండి ఓడలోని ధ్వనిముద్రణ యంత్రమును వెలికితీసినారు. చివరి 26 గంటల సంభాషణలు దానిలో పదిలముగా ఉన్నవి.

ఆ చివరి రాత్రి కాపలాలో ఉన్న ఇద్దరు అధికారులు, ఒకరి తరువాత ఒకరు, గదిలో ఉన్న కప్తానుకు ఫోను చేసి తుపాను దగ్గరపడుచున్నదని హెచ్చరించినారు. దక్షిణపు దారికి మరలవచ్చునని సూచన కూడ వచ్చినది. కప్తాను అంగీకరించలేదు. అతడు నమ్ముకొన్న వాతావరణ పటములు గంటలకొద్దీ పాతబడిన సమాచారముతో తయారైనవి. అంతకంటె క్రొత్త సమాచారము వేరొక యంత్రము ద్వారా ఓడకు అందుచునే ఉన్నది. ఓడ మునుగుటకు సరకుల గదిలో నీరు చేరుట, ఇంజను ఆగుట మొదలగు కారణములు పెక్కు కలవు. కాని తుపాను దారినుండి తప్పుకొని ఉన్నచో అవి ఇంత ప్రాణాంతకములు అయ్యెడివి కావు.

వేళకు చేరి తీరవలెనని కంపెనీ ఒత్తిడి చేసినట్లు విచారణలో ప్రత్యక్షమైన ఆధారము దొరకలేదు. అయినను ఈ వృత్తిలో సహజముగా ఉండు ఒత్తిడి కప్తానుపై పనిచేసి ఉండవచ్చునని విచారణాధికారులు భావించినారు. కంపెనీ పర్యవేక్షణలో లోపములున్నవనియు తేల్చినారు. ఒక చిన్న విషయమును ఇచ్చట గమనింపవలెను. తిరుగు ప్రయాణములో తుపానునకు దూరముగా చుట్టుదారిన రావచ్చునా అని ఆ కప్తాను కంపెనీ కార్యాలయమునకు వ్రాసి అడిగినాడు. ఆ దారి సుమారు 160 నాటికల్ మైళ్ళు అదనము. ఆ ఓడకు దాదాపు 8 గంటల ప్రయాణము. చట్టము ప్రకారము అతడు ఎవరినీ అడుగవలసిన పనిలేదు. అయినను అడుగవలెనని అతనికి తోచినది. నోట ఆజ్ఞ వెలువడకపోయినను ఒత్తిడి ఎట్లు పనిచేయునో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

ఇంకొక ఓడ సంగతి చూడుడు. 1987 మార్చి 6న బెల్జియములోని జీబ్రుగ్గె రేవునుండి బయలుదేరిన ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ ముందరి తలుపులు మూయకయే సముద్రములోనికి పోయి, నిమిషములలో ఒరిగినది. 193 మంది మరణించినారు. తలుపులు మూసినదీ లేనిదీ తెలియుటకు చాలకస్థానమున ఒక దీపము అమర్చుడని ఆ కంపెనీ కప్తానులు అంతకు ముందే కోరియున్నారు. ఆ కోరికను యాజమాన్యము తేలికగా త్రోసివేసినది. నిర్ణీత వేళకు ముందే బయలుదేరవలెనను తొందర కూడ ఉండెడిది. తప్పు ఓడలోని వారిదే కాదనియు, కంపెనీ పైస్థాయివరకు ఉన్నదనియు విచారణ తేల్చినది. ఆ తరువాతనే కంపెనీలపై భద్రతా నిర్వహణ నియమావళి 1993లో రూపొంది, 1998నుండి అమలునకు వచ్చినది.

మబ్బు కనబడినప్పుడెల్ల ఓడ ఆపినచో వ్యాపారము సాగునా అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని ఆలస్యమునకు ఒక ధర కలదు. దానిని లెక్కకట్టవచ్చును, చెల్లించవచ్చును. పోయిన ప్రాణమునకు చెల్లింపు లేదు. కావున యజమాని “నేను ఒత్తిడి చేయలేదు” అనుటతో సరిపోదు. జాగ్రత్తకై ఆలస్యము చేసిన కప్తానును సంజాయిషీ అడుగక, మెచ్చుకొన్ననాడే అతని బాధ్యత తీరును. అట్లని కప్తాను తప్పును మేము మన్నించుటలేదు. అధికారము అతనిచేతిలోని అమానత్. క్రిందివారి హెచ్చరికను వినుట ఆ అమానత్‌లో భాగము.

ప్రవక్త (స) వారి ఓడ ఉపమానము మన విద్యార్థులు ఎరుగనిది కాదు. క్రింది అంతస్తువారు నీటికై తమ భాగమున రంధ్రము చేయబూనినచో, పైవారు చేయి పట్టుకొని ఆపవలెను. లేనిచో అందరును మునుగుదురు. ఒక్కొక్కప్పుడు రంధ్రము చేయునది పై అంతస్తువారే. అప్పుడు చేయిపట్టుకొని ఆపవలసిన వంతు క్రిందివారిది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు అధికారులగుదురు, మరికొందరు వారి క్రింద పనిచేయుదురు. హెచ్చరిక చెప్పవలసివచ్చినప్పుడు ఒకసారి చెప్పి ఊరకొనవలదు. హెచ్చరిక వినవలసివచ్చినప్పుడు చెప్పినవాని వయస్సును, హోదాను చూడవలదు. సంస్థలను నడుపు పెద్దలకు మా విన్నపము ఒక్కటే: “ఈ పని నేడు క్షేమము కాదు” అని మీ ఎదుట నిలిచి చెప్పగల మనిషిని పోగొట్టుకొనకుడు.