ఇంటి యంత్రాలు: ఫ్యాక్సు మోడెమ్ కార్డు



పోయిన నెల యీ శీర్షికలో మిక్సీ గురించి రాసిన తరువాత మాంబలం నుంచి ఒక సోదరి యిలా అడిగారు: “మా మామగారి పాత కంప్యూటరు అటకమీద వుంది. పాత సామాన్లవాడికి వేసేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. దాని వెనకవైపు టెలిఫోను తీగె గుచ్చే కన్నాలు రెండు కనిపిస్తున్నాయి. అవి దేనికి? వేసేయవచ్చునా?”

వేసేయవచ్చునమ్మా. కాని ఒక్క పని చేసిన తరువాత. ఆ పని యేమిటో తెలియాలంటే ముందు ఆ రెండు కన్నాల సంగతి తెలియాలి. అది చెప్పాలంటే మా ఇంటి కథ కొంత చెప్పక తప్పదు.

1997లో రాజమండ్రిలో వున్న మా అన్నయ్యకు గొంతుకు శస్త్రచికిత్స జరిగింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. అంతకు ముందు వారానికొకసారి టెలిఫోనులో మాట్లాడుకునేవాళ్లం. ఆ తరువాత నేను మాట్లాడితే అన్నయ్య రిసీవరు మీద వేలిగోటితో కొట్టేవాడు. ఒకటి కొడితే అవును, రెండు కొడితే కాదు. ఉత్తరం వేస్తే చేరడానికి మూడు నాలుగు రోజులు. జవాబుకు మళ్లీ అన్ని రోజులు. మనిషి బాగున్నాడో లేదో తెలుసుకోవడానికి వారం పట్టేది.

మా ఇంట్లో వుండి ఇంజనీరింగు చదువుతున్న మేనల్లుడు ఒకనాడు, “మామయ్యా, మన కంప్యూటరులో ఫ్యాక్సు మోడెమ్ కార్డు పెడదాం. పెద్దమామయ్య చేత్తో రాసిన కాగితం నిమిషంలో ఇక్కడికి వస్తుంది” అన్నాడు. ఫ్యాక్సు యంత్రం కొనే స్తోమత మాకు లేదు. కార్డు అయితే ఫరవాలేదన్నాడు. ఇద్దరం మౌంటు రోడ్డు దగ్గర రిచ్చీ వీధికి వెళ్లి, ఆ ఇరుకు సందుల్లో నాలుగు దుకాణాలు తిరిగి ఒక కార్డు కొన్నాం. అరచేయంత పచ్చటి పలక. ఒక అంచున బంగారు రంగు పళ్లు, మరొక అంచున రేకు, ఆ రేకులో రెండు కన్నాలు.

అసలు ఫ్యాక్సు కొత్త వస్తువేమీ కాదు. బొమ్మను తీగెమీద పంపే పద్ధతికి అలెగ్జాండర్ బెయిన్ అనే స్కాట్లండువాడు 1843లోనే హక్కుపత్రం పొందాడు. టెలిఫోనుకు బెల్ హక్కుపత్రం పొందినది 1876లో. మన చెన్నపట్నానికి టెలిఫోను ఎక్స్ఛేంజి వచ్చినది 1882లో. అంటే తమ్ముడికంటె అన్న ముందే పుట్టాడు గాని, ఇల్లిల్లూ తిరగడానికి తమ్ముడి భుజం కావలసి వచ్చింది.

కాగితాన్ని ఫ్యాక్సు అడ్డగీతలుగా చదువుతుంది. ఒక్కొక్క గీతలో 1728 చుక్కలు. ప్రతి చుక్కా నలుపో తెలుపో తేల్చుకుంటుంది. మామూలు పద్ధతిలో ఒక పుటకు సుమారు 20 లక్షల చుక్కలు. సెకనుకు 9600 చుక్కల చొప్పున ఒక్కొక్కటే పంపితే మూడు నిమిషాలు దాటుతుంది. అందుకని, “ఇక్కడినుంచి మూడువందలు తెలుపు, తరువాత పది నలుపు” అని లెక్క కట్టి పంపుతుంది. తెల్ల కాగితం మీద రాత తక్కువ, ఖాళీ యెక్కువ గదా! కాబట్టి నిమిషంలోపల పని అయిపోతుంది. 1980లో ప్రపంచమంతటికీ కుదిరిన ఒప్పందం యిది.

ఇక మోడెము పని. టెలిఫోను తీగె మనిషి గొంతును మోయడానికి పుట్టినది. చుక్కలు, అంకెలు దానికి తెలియవు. మోడెము ఆ అంకెలను ధ్వనిగా మార్చి తీగెమీదికి వదులుతుంది. అవతలి మోడెము ఆ ధ్వనిని మళ్లీ అంకెలు చేస్తుంది. మా అన్నయ్య గోటితో కొట్టిన అవును, కాదు అనే రెండు మాటలే యివీ. సెకనుకు వేలకొద్దీ కొడుతుంది, అంతే తేడా.

కార్డు పెట్టే విధానం యిది. మొదట కంప్యూటరు ఆపి, గోడలోంచి ప్లగ్గు పూర్తిగా పీకాలి. పెట్టె మూత విప్పి, లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి చేత్తో ముట్టుకోవాలి. మన ఒంటిమీద వుండే విద్యుత్తు అందులోకి పోతుంది. లేకపోతే కార్డుమీది చిన్న చిన్న భాగాలు చచ్చిపోతాయి. తరువాత ఖాళీగా వున్న గాడి చూసుకొని, దాని వెనకనున్న రేకు మర విప్పి తీసి, కార్డు అంచులు పట్టుకొని, రెండు చివరలూ సమంగా దిగేటట్టు నిదానంగా నొక్కాలి. బంగారు పళ్లను వేళ్లతో తాకరాదు. మర బిగించి మూత వేయాలి. వెనక వున్న కన్నాలలో ‘లైను’ అని రాసివున్న దానికి గోడనుంచి వచ్చే తీగె, ‘ఫోను’ అని రాసివున్న దానికి మన టెలిఫోను తీగె.

మేము యిదంతా చేసి మీట నొక్కాం. కంప్యూటరు లేచింది. మోడెమును గుర్తించింది. కాని మౌసు కదలలేదు. మోడెము తీసేస్తే మౌసు కదిలేది, పెడితే కొయ్యబారేది. మా ఆవిడ, “ఇదేమండీ, తోడికోడళ్లలాగా!” అన్నది. నిజానికి జరిగినది అదే. ఆ కాలపు కంప్యూటరులో మౌసు కామ్ 1 అనే ద్వారంలో వుండేది. మా కార్డు కామ్ 3లో కూర్చున్నది. ఆ రెండు ద్వారాలకూ లోపల గంట ఒక్కటే, నాలుగవ నంబరు. గంట మోగితే యెవరు పిలిచారో కంప్యూటరుకు తెలియదు. కార్డుమీద జంపరు అనే చిన్న తొడుగు వుంటుంది. మేనల్లుడు మళ్లీ మూత విప్పి, ఆ తొడుగును నాలుగు నుంచి అయిదుకు మార్చాడు. మౌసు, మోడెము రాజీపడ్డాయి. తరువాత వచ్చిన కంప్యూటర్లు యీ తగవు వాటంతట అవే తీర్చుకున్నాయి గాని, మేము రెండు ఆదివారాలు దానికి ధారపోశాం.

రెండవ చిక్కు డయల్ టోను. మా లైనులో వచ్చే మోతను మోడెము గుర్తుపట్టక, “లైను లేదు” అని మొరాయించేది. మోడెములకు ‘ఏ.టి.’ అనే రెండక్షరాలతో మొదలయ్యే ఆజ్ఞలుంటాయి. ‘ఏ.టి. ఎక్స్ 3’ అని ఇస్తే, డయల్ టోను కోసం చూడకుండా నంబరు తిప్పేస్తుంది. అంతటితో పంపడం కుదిరింది. రాసిన ఉత్తరాన్ని ప్రింటరుకు పంపినట్టే పంపడం, ప్రింటరు పేరు బదులు ఫ్యాక్సు పేరు యెంచుకోవడం, అవతలి నంబరు కొట్టడం. ముందు కూ, కూ అని పిలుపు, అవతలినుంచి సన్నటి పొడుగు ఈల, ఆ తరువాత ఇసుక జల్లినట్టు మోత. మోత ఆగితే కాగితం చేరినట్టు.

అందుకోవడంలో మూడవ చిక్కు. రెండు గంటలు మోగిన తరువాత మోడెము తనంతట తాను లైను అందుకునేట్టు పెట్టాం. అన్నయ్య రోజూ సాయంత్రం నడకకు వెళ్లి, కోటగుమ్మం దగ్గరి బూత్‌లో కాగితం ఇచ్చేవాడు. మొదటి రెండు రోజులూ మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చి, మోడెముకంటె ముందే ఫోను తీసి, “యెవరో కోకిలలాగా కూస్తున్నారు” అని పెట్టేసింది. మూడవనాటినుంచి రాత్రి యెనిమిదినుంచి యెనిమిదిన్నర వరకు ఫోను ముట్టరాదని ఇంట్లో చట్టం చేశాం. ఆ రాత్రి తెరమీద గీత తరువాత గీతగా అన్నయ్య చేతిరాత దిగింది: “తమ్ముడూ, మాట పోయిన తరువాత మీ వదినతో దెబ్బలాటలు తగ్గాయి. కాగితంమీద రాసి దెబ్బలాడితే ఆవిడ నవ్వుతోంది.” మేమూ నవ్వాం. చాలా రోజుల తరువాత ఆ ఇంట్లోనూ యీ ఇంట్లోనూ నవ్వు ఒకేనాడు పుట్టింది.

మన తెలుగువాళ్లకు ఫ్యాక్సు చేసిన మేలు ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో కంప్యూటరులో తెలుగు రాస్తే ఒక ఇంటి అక్షరాలు మరొక ఇంట్లో తెరుచుకునేవి కావు. ఒక్కొక్క అక్షర సంపుటిది ఒక్కొక్క లెక్క. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, విండోసులో తెలుగు సరిగా కుదురుకున్నది 2001లో వచ్చిన ఎక్స్.పి.తో. ఫ్యాక్సుకు యీ గొడవ లేదు. అది అక్షరాన్ని పంపదు, బొమ్మను పంపుతుంది. ఒత్తులూ, గుణింతాలూ, అన్నయ్య కొట్టివేతలూ యెలా వున్నవి అలాగే వచ్చేవి.

ఇక జాగ్రత్తలు. మన చెన్నపట్నంలో ఐప్పసి, కార్తీక మాసాలలో ఉరుములతో వానలు. పిడుగు కరెంటు తీగెమీదనే కాదు, టెలిఫోను తీగెమీద కూడా వస్తుంది. 1998 నవంబరులో మా మొదటి కార్డు అలాగే మాడిపోయింది. కరెంటు ప్లగ్గు పీకాం గాని టెలిఫోను తీగె మరిచాం. మేఘం కమ్మితే రెండూ పీకవలసిందే. ఇప్పుడు రౌటరు వున్న ఇళ్లకూ యిది వర్తిస్తుంది.

రెండవ జాగ్రత్త నాకు ఆలస్యంగా తెలిసింది. కంప్యూటరు లోపల పెట్టే కార్డు, కంప్యూటరు నడుస్తున్నంతసేపే వింటుంది. పెట్టె ఆపేస్తే చెవిటిది. 1999 జూన్‌లో మా అమ్మాయి పురిటికని మేమంతా బెంగుళూరు వెళ్లాం. వెళ్లేముందు బుద్ధిమంతులలాగా మెయిన్ స్విచ్చి కట్టేశాం. అన్నయ్యకు ఆ సంగతి రాయడం మరిచాను. వరుసగా మూడు సాయంత్రాలు అన్నయ్య బూత్‌కు వెళ్లి నిలబడ్డాడట. గంట మోగేది, ఈల రాలేదు. జూలైలో వెళ్లిపోయాడు. కర్మలన్నీ అయిన తరువాత వదిన, అన్నయ్య చొక్కా జేబులో దొరికిన మడత కాగితం నా చేతిలో పెట్టింది. “వీలైతే ఒకసారి వచ్చి పోరా. పనేమీ లేదు” అని వుంది. దానికి నేను జవాబు రాయలేదు.

ఆ తరువాత సంవత్సరం వదిన మా ఇంటికి వచ్చినప్పుడు, నేను పంపిన ఫ్యాక్సులన్నీ ప్లాస్టిక్ సంచిలో భద్రంగా తెచ్చింది. తీసి చూస్తే అన్నీ తెల్ల కాగితాలు! బూత్ యంత్రంలో వాడినది వేడి తగిలితే నల్లబడే కాగితం. ఎండకూ, వేడికీ, నూనె చేతికీ, ప్లాస్టిక్ కవరుకూ దాని రాత వెలిసిపోతుంది. నేను రాసినదంతా పోయింది. కాని అన్నయ్య రాసినవి మా కంప్యూటరులో బొమ్మలుగా చెక్కుచెదరకుండా వున్నాయి. అరవై చిల్లర పుటలు. వాటిని మంచి కాగితంమీద అచ్చు వేయించి, పుస్తకంగా కుట్టించి వదినకిచ్చాను. ఆవిడ అది దేవుడి గదిలో పెట్టుకుంది.

కాబట్టి మాంబలం సోదరికి నా మనవి. ఆ రెండు కన్నాలున్న పెట్టె మీ మామగారి తపాలా పెట్టె కూడా అయివుండవచ్చు. అమ్మేముందు తెరిపించి చూడండి. అన్నేళ్లు అటకమీద వున్నదాన్ని ఒక్కసారిగా కరెంటుకు పెట్టకండి. తెలిసినవారిచేత లోపలి డిస్కును విప్పించండి. పాత డిస్కును ఇప్పటి కంప్యూటరుకు తగిలించే యు.ఎస్.బి. తీగెలు రిచ్చీ వీధిలో అడిగి చూడండి. డిస్కులో ‘టిఫ్’ అనే తోకగల దస్త్రాలుంటే ఇప్పటికీ తెరుచుకుంటాయి. విండోస్ 95తో వచ్చిన ఫ్యాక్సు ఉపకరణం వాడివుంటే తోక ‘ఏ.డబ్ల్యు.డి.’ అని వుంటుంది. ఇప్పటి కంప్యూటర్లు దాన్ని పోల్చుకోవు. విండోస్ 98 వున్న పాత యంత్రంలో తెరిచి టిఫ్‌గా మార్పించాలి. ఇంట్లో వెలిసిపోతున్న ఫ్యాక్సు కాగితాలుంటే యీ రోజే ఫోటో తీయండి. రేపటికి మరికొంచెం తెల్లబడతాయి.

ఇప్పుడు కొత్తగా యీ కార్డు పెట్టుకోమని నేనెవరికీ చెప్పను. కంప్యూటర్లలో ఆ గాడులు పోయాయి. రాగి తీగెల చోట గాజు తీగెలు వస్తున్నాయి. టెలిగ్రాము కూడా 2013 జూలైలో సెలవు పుచ్చుకుంది. జపానులో, అమెరికా ఆసుపత్రులలో ఫ్యాక్సు ఇంకా నడుస్తోంది. మన ఇళ్లలో దాని అవసరం తీరింది. నా మనవడు ఫోనులో ముఖం చూస్తూ మాట్లాడతాడు. మంచిదే. కాని వాడికి ఒక మాట చెప్పివుంచాను: ఊరు వెళ్లేటప్పుడు, మనకోసం యెదురుచూసేవారికి ఒక మాట చెప్పి, తరువాత స్విచ్చి కట్టాలని.

వచ్చే నెల: గ్రైండరు బెల్టు జారితే యేమి చేయాలి?