చెవికి హద్దు ఫోన్‌లోనే పెట్టి అమ్మాలి



పిల్లలూ ఫోన్లూ అనే విషయం మీద మీ పత్రికలో కొన్ని వారాలుగా సాగుతున్న చర్చ వదలకుండా చదువుతున్నాను. కళ్ళ సంగతి వచ్చింది, నిద్ర సంగతి వచ్చింది, మార్కుల సంగతి సరేసరి. చెవి మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో జరిగింది చూశాక ఆ మాట నేనే ఎత్తాలనిపించి రాస్తున్నాను.

మా అక్క కొడుకు మా ఇంట్లోనే ఉండి ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. కాలేజీ బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర. ఎక్కగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మళ్ళీ దిగేటప్పుడే తీసేవాడు. పాటలంటే వాడికి ప్రాణం. ఒక పాటలో ఫ్లూటు ఎక్కడ అందుకుందో, ఎక్కడ ఆగిందో చూడకుండా చెబుతాడు. పోయిన శ్రావణంలో ఒక రాత్రి అన్నం పెడుతూ "పప్పు వెయ్యనా నాన్నా?" అన్నాను. వాడు తలెత్తి చూసి "ఏం తప్పు పిన్నీ?" అన్నాడు. పరధ్యానం అనుకున్నాను. నాలుగు రోజులు పోయాక కంచం అందుకోమంటే మంచం వైపు చూశాడు.

ముప్పై ఏళ్ళుగా బడిలో ఉక్తలేఖనం చెప్పి రాయిస్తున్నదాన్ని. పిల్లలు ఏ తప్పు ఎందుకు రాస్తారో కొంత తెలుస్తుంది. వీడికి అచ్చులన్నీ వినిపిస్తున్నాయి, ఒత్తు వినిపిస్తోంది, మాట మొదట్లో ఉన్న హల్లు మాత్రం జారిపోతోంది. స, త, క, ప లాంటి హల్లులు పలికేటప్పుడు కంఠం మోగదు, ఒట్టి గాలి చప్పుడే. చెవి మందగిస్తే ముందు పోయేవి అవే. ఇది డాక్టరు చెప్పాక తెలిసింది. అంతకు ముందే ఒక రాత్రి, ఇల్లంతా సద్దుమణిగాక, వాడు లేచి వచ్చి "పిన్నీ, గదిలో కీచురాయి దూరినట్టుంది, నిద్ర పట్టడం లేదు" అన్నాడు. మంచం కింద, బీరువా వెనక ఇద్దరం వెతికాం. గదిలో ఏమీ లేదు.

చెవి డాక్టరు లోపల లైటు వేసి చూశారు. గులిమి లేదు, చీము లేదు, కర్ణభేరి చక్కగా ఉంది. చిన్న గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేయించి, గీత గీసిన కాగితం చేతికిచ్చారు. గీత ఎడమ నుంచి సమంగా వచ్చి, 4000 హెర్ట్జ్ దగ్గర గబుక్కున కిందికి దిగి, మళ్ళీ కాస్త పైకి లేచింది. రెండు చెవులకూ అంతే. మర చప్పుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన వాళ్ళ కాగితాల్లో ఇలాంటి గుంటే కనిపిస్తుందట. మా వాడికి పంతొమ్మిదేళ్ళు.

చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో సన్నని రోమాలున్న కణాలుంటాయి. ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. ధ్వని వచ్చినప్పుడల్లా అవి ఊగి, మెదడుకు కబురు పంపుతాయి. గాలివానకు వరిచేను పడిపోవడం మనందరం చూసిందే. వంగిన మొక్క ఎండ తగిలాక లేస్తుంది, మెడ విరిగింది లేవదు. ఈ రోమాలూ అంతే. పెళ్ళి ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన నడిచి ఇంటికొచ్చాక చెవులు దిబ్బడేసి, తెల్లారేసరికి తేరుకోవడం మొదటి రకం. అదే దెబ్బ రోజూ తగిలితే రెండో రకం. కోడిపిల్లలో చచ్చిన రోమకణాల స్థానంలో కొత్తవి పుడతాయని 1980లలో పరిశోధకులు కనిపెట్టారు. మనిషికి పుట్టవు. పుట్టించే మందు ఇంతవరకూ ఏ దుకాణంలోనూ లేదు.

నొప్పి ఉంటే మా వాడు ఇయర్‌ఫోన్లు మొదటి రోజే తీసేసేవాడు. ఇందులో నొప్పి లేదు. పైగా చెవి ఆ మోతకు అలవాటు పడుతుంది కాబట్టి, నిన్న పెద్దగా అనిపించింది ఇవాళ మామూలుగా ఉంటుంది. ఇక బస్సు సంగతి. ఇంజను రొద, హారన్లు, వెనక సీట్ల అరుపులు. ఆ రొద మీద పాట తేలాలంటే సౌండు పెంచక తప్పదు. ఇంట్లో సగంలో వినే పిల్లవాడే బస్సులో చివరి గీత దాకా తీసుకెళతాడు. పిల్లవాడు మొండివాడు కానక్కర్లేదు, బస్సు చాలు.

లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి తెచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకైతే 75 డెసిబెల్స్‌లోనే ఆ 40 గంటలు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా గంటలు సగానికి పడిపోతాయి. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5, 92కి రెండున్నర. 100కి చేరితే వారం మొత్తానికి అరగంట కూడా మిగలదు. పూర్తిగా పెంచితే ఆ 100 దాకా, కొన్నిట్లో అంతకు మించి మోగే ఫోన్లు మన పిల్లల జేబుల్లో ఉన్నాయి. మా వాడు రోజుకు 3 గంటల చొప్పున వారానికి 18 గంటలు విన్నాడు.

ప్రపంచంలో వంద కోట్లకు పైగా యువత ఇలా వినే అలవాటు వల్లే వినికిడి పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. 2024 జూన్‌లో గాయని అల్కా యాగ్నిక్ తన వినికిడి దెబ్బతిన్న సంగతి బయటపెట్టారు. వైరస్ వల్ల అని వైద్యులు చెప్పారు, హెడ్‌ఫోన్ల వల్ల కాదు. అయినా పెద్ద మోతతోనూ హెడ్‌ఫోన్లతోనూ జాగ్రత్త అని అభిమానులనూ తోటి కళాకారులనూ ఆమె హెచ్చరించారు. చెవి పోతే ఏం పోతుందో పాట మీద బతికినవాళ్ళకు తెలిసినంతగా మనకు తెలియదు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న మాట. మనం పిల్లలకు చేస్తున్నది ఒక్కటే, "తగ్గించుకోరా" అనడం. నేనూ వంద సార్లు అన్నాను. ప్రభుత్వమూ అదే అంటోంది. రోజుకు 2 గంటలు మించకుండా, 50 డెసిబెల్స్ దాటకుండా వినాలని 2025 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి రాష్ట్రాలకు సూచన వెళ్ళింది. సూచన మంచిదే. కానీ పిల్లవాడి చేతిలో ఉన్న ఫోన్ సంగతి చూశారా? సౌండు పెంచే మీటలో గీతలుంటాయి, డెసిబెల్స్ ఉండవు. నా ఫోన్ తీసి ఎన్నో గీత దగ్గర 50 అవుతుందని అడిగితే నేను చెప్పలేను, అమ్మిన దుకాణం అబ్బాయీ చెప్పలేడు. స్పీడోమీటరు లేని బండి ఇచ్చి 40 దాటొద్దన్నట్టుంది.

అందుకే హద్దు పిల్లవాడి బుద్ధికి వదిలెయ్యకుండా పెట్టెలో నుంచి తీసేటప్పటికే ఫోన్‌లో ఉండాలని నా వాదన. ఇది కొత్త కోరికేమీ కాదు. యూరప్ దేశాల్లో 2013 నుంచి అమ్మే ఫోన్లు, మ్యూజిక్ ప్లేయర్లు 85 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు అమర్చి ఇస్తారు. దాటాలనుకునేవాళ్ళు తెర మీద హెచ్చరిక చదివి, ఒప్పుకుని దాటాలి. 20 గంటలు విన్నాక మళ్ళీ అడుగుతుంది. ఎంత ఒప్పుకున్నా 100 దాటనివ్వదు. పెద్దవాళ్ళ స్వేచ్ఛకు వచ్చిన లోటేమీ లేదు. తెలియకుండా దాటడం ఒక్కటే ఆగింది.

మన దేశంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు మోగకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని అంకెలతో సహా రాశారు. ఫ్యాక్టరీలో కార్మికుడికి రోజుకు 8 గంటలకు 90 డెసిబెల్స్ అని గీత గీశారు. చెవికి జానెడు దూరంలో కాదు, చెవి రంధ్రంలోనే పెట్టుకునే మైకు జోలికి ఆ నిబంధనలు రావు. అవి రాసిన నాటికి ఇంటింటా ఇయర్‌ఫోన్లు లేవు. ఇప్పుడున్నాయి కదా, ఇప్పుడు రాయమనండి.

ఇందులో ఒక చిక్కుంది, దాచను. బస్టాండులో వంద రూపాయలకు దొరికే ఇయర్‌ఫోన్ ఎంత మోగుతుందో ఫోన్‌కు తెలియదు. ఒకే గీత దగ్గర ఒకటి మెల్లగా, ఇంకొకటి చెవులు పగిలేట్టు వినిపిస్తుంది. కాబట్టి హద్దు ఫోన్‌కే కాదు, ఇయర్‌ఫోన్లకూ ఉండాలి. మిక్సీ కొంటే మీద ముద్ర ఉందా లేదా అని చూసే అలవాటు మనకుంది, దీనికీ అలాంటి ముద్ర ఉంటే చూసి కొంటాం.

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోమనడం లేదు. చాలా ఫోన్లలో సౌండుకు గరిష్ఠ హద్దు పెట్టే వీలు ఇప్పటికే ఉంది, సెట్టింగుల్లో ఎక్కడో అడుగున. మా బడిలో పోయిన నెల తల్లిదండ్రుల సమావేశానికి వచ్చినవాళ్ళను ఫోన్లు తియ్యమని, ఒక్కొక్కరి దగ్గర కూర్చుని వెతికి పెట్టాను. ఒక తండ్రి మేస్త్రీ, కాంక్రీటు మిల్లరు దగ్గర పని. నేను చెబుతున్నది వింటూ చెవి నా వైపు తిప్పాడు, మళ్ళీ చెప్పమ్మా అన్నాడు. వాళ్ళమ్మాయి తొమ్మిదో తరగతి. ఆ పిల్ల ఫోన్‌లో హద్దు తనే దగ్గరుండి పెట్టించుకుని వెళ్ళాడు.

మా వాడు ఇప్పుడు బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం లేదు. ఇంట్లో చిన్న స్పీకరు మీద సాయంత్రం ఓ గంట వింటాడు. గీతలో ఆ గుంట పూడదని డాక్టరు చెప్పారు, ఇంకా లోతు కాకుండా చూసుకోవాలంతే. చెవిలో కీచురాయి అలాగే ఉంది. ఇది పుష్యమాసం, మేం దుప్పట్లు కప్పుకుని పడుకుంటున్నాం. వాడు మాత్రం ఫ్యాను వేసుకుంటాడు, ఆ చప్పుడులో అది కొంత కలిసిపోతుందని.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
గుంటూరు