బడి చిన్నదైతే పిల్లలు చిన్నబోరు



గురుకులాల మీద రాసిన భాగం చదివి చాలామంది విద్యార్థులు ఒకే ప్రశ్న పంపారు. "సార్, అంత పెద్ద గురుకులాలు ఉండంగ, ఊళ్లె ఇరవై మంది పిల్లల బడిని పట్టుకొని ఎందుకు కొట్లాడాలె?" అడిగినవాళ్లలో గురుకులంలో చదివినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో నిజం లేదని అనను. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులుగానే. చదువంటే మార్కులే కాదని మన వాడలకు ఆ ఒక్క రోజు చెప్పినంత గట్టిగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు.

కానీ గురుకులంలోకి పోయే తొవ్వ ఐదో తరగతి ఎంట్రెన్స్ గుండా పోతుంది. ఆ పరీక్ష రాసే పిల్ల నాలుగో తరగతి దాకా ఎక్కడ చదివింది? ఊరి బడిలోనే గదా. అక్కడ అక్షరం అందని పిల్లకు గురుకులం గేటు కూడా అందదు. గురుకులం ఏరుకుంటుంది, ఊరి బడి అందరినీ ఎత్తుకుంటుంది. రెండూ కావాలె.

ఇక్కడ ఒక తేడా చూడాలి. చిన్న బడి వేరు, చిన్నదైపోయిన బడి వేరు. మన ఊళ్లలో ఇప్పుడు కనిపించేది రెండోది. పటేళ్ల పిల్లలు ముందుగా పసుపు బస్సెక్కారు. కాస్త భూమి, దుబాయ్ పైసలు ఉన్న బీసీ ఇండ్ల పిల్లలు తర్వాత ఎక్కారు. మిగిలింది మాదిగవాడ, మాలవాడ పిల్లలు, ఇటుక బట్టీలకు వలస వచ్చిన కూలీల పిల్లలు. ఊరంతా వదిలేసినంక "పిల్లలు లేరు గదా, పక్క ఊళ్లో కలిపేద్దాం" అనడం సులువు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది దాకా ఎందరున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. పదిమందే ఉన్నా ఇద్దరే. మన దగ్గర ఒక్క సారు ఐదు తరగతులు చెప్తూ, మధ్యాహ్నం గుడ్ల లెక్క రాస్తూ, మండలం ఆఫీసు మీటింగుకు ఉరుకుతాడు. దాన్ని చూపించి చిన్న బడే దండగ అంటే నేనొప్పుకోను. దండగ చేసింది బడిని కాదు, పిల్లల్ని.

చిన్న బడి ఏం చేయగలదో మన ఉత్తర తెలంగాణకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపినంక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన హైమన్‌డార్ఫ్‌కు అప్పజెప్పింది. ఆయన మార్లవాయిలో గుడిసెలో ఉండి పనిచేశాడు. 1943లో అక్కడే గోండు విద్యా పథకం మొదలైంది. టీచర్లను బయటి నుంచి తేలేదు, గోండు యువకులకే శిక్షణ ఇచ్చారు. వాచకాలు గోండిలో రాయించారు. అప్పటికి ఆ ప్రాంతంలో మరాఠీ చదువు వచ్చిన గోండులు కొందరు ఉన్నారు కనుక దేవనాగరి లిపి వాడారు. భవనాలు లేవు, హంగులు లేవు. కానీ పిల్ల తన నోట్లో ఉన్న మాటతోనే బడిలో అడుగుపెట్టింది. పాఠం చెప్పే మనిషి తనవాడే. హైదరాబాద్ రాజ్యం పోయినంక ఆ గోండి చదువును పక్కన పడేశారు. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీల సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. గోండులు ఇప్పటికీ దండలేస్తారు. ఆ వాచకాలకు దండేసే దిక్కు లేదు.

అయితే మార్లవాయి సర్కారు దయతో నడిచిన బడి. సర్కారు మారగానే పోయింది. అందుకే భాగ్యరెడ్డి వర్మను కూడా చదవాలి. 1910 నుంచి హైదరాబాద్‌లో అంటరాని పిల్లలకు ఆయన బడులు పెట్టాడు, అవి పాతిక దాకా పెరిగాయి. ఉర్దూ రాజ్యంలో తెలుగులో చదువు చెప్పించాడు. సర్కారు వాటిని తన చేతిలోకి తీసుకున్నది చాలా ఏండ్ల తర్వాత. అంతకంటే ముందు పుణెలో ఫూలే దంపతుల బడి ఉంది. మాంగ్ కులపు పిల్ల ముక్తాబాయి అక్కడ మూడేండ్లు చదివి, 1855లో మాంగ్, మహార్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. మాంగులంటే మన మాదిగలకు చుట్టాలే. మూడేండ్ల చదువుకు బ్రాహ్మణాన్ని నిలదీసే వాక్యం వచ్చింది. "ఆల్‌రౌండ్ డెవలప్‌మెంట్" అని ఫ్లెక్సీలు కట్టే కార్పొరేట్ బడులు పదేండ్లు చెప్పి అలాంటి ఒక్క వ్యాసం చూపించగలవా?

ఇక నా తరగతి మాట. డిగ్రీ మొదటి ఏడాదిలో చేరే మన పిల్లల్ని అడుగుతుంటాను, బడిలో ఎప్పుడైనా మైకు పట్టారా అని. వెయ్యి మంది ఉన్న బడి నుంచి వచ్చినవాళ్లు చాలాసార్లు తల దించుకుంటారు. పెద్ద బడిలో వేదిక పది మందికే, ఆ పది మంది ఏ ఇండ్ల పిల్లలో మనకు తెలుసు. అరవై మంది ఉన్న బడిలో నాటకం వెయ్యాలంటే అందరూ కావాలి. కబడ్డీ జట్టు నిండాలంటే నల్లగా బక్కగా ఉన్న పిల్లనూ పిలవాలి. ప్రార్థనలో వార్తలు చదివే వంతు నెలకోసారైనా వస్తుంది. సారుకు పేరు తెలుసు, ఇల్లు తెలుసు, రెండు రోజులు రాకుంటే అమ్మకు జ్వరమా, పత్తి ఏరడానికి పంపారా అనీ తెలుసు. చిన్నతనం వల్ల వచ్చే లాభం ఇదే.

"అయితే ప్రైవేటు చిన్న బడులే నయం గదా" అని కొందరంటారు. కరీంనగర్ గల్లీల్లో అలాంటివి చూస్తూనే ఉన్నాం. కొన్ని నిజంగా బాగా చెప్తాయి. కానీ డిగ్రీ చదివిన మన చెల్లెలికి కూలికంటే తక్కువ జీతమిచ్చి, ఫీజు కట్టని పిల్లను పరీక్షనాడు బయట నిలబెట్టే బడి ఎంత చిన్నదైతే ఏం లాభం? స్వతంత్ర బడి అంటే ఓనరున్న బడి కాదు. వాడ పెత్తనం ఉన్న బడి. తల్లులు కమిటీలో సంతకాలు పెట్టి ఊరుకోకుండా లెక్కలడిగే బడి. అది సర్కారు పైసలతోనే నడవాలి, అది మన హక్కు.

అందుకే ఒక పని చెప్తున్నా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు బడి హాజరు పుస్తకం చూడండి. ఎవరి పిల్లలు మిగిలారో, ఎందరు టీచర్లున్నారో, మూసేసి ఉంటే ఆ గదిలో ఇప్పుడు ఏముందో (వడ్ల బస్తాలా, తాళమా) రాసి, ఫొటో తీసి పంపండి. వచ్చే భాగం వాటి మీదే.