మిరియం తప్పు కాదు

చాలాకాలం తరువాత టపా వ్రాస్తున్నాను. ఈసారి ఛందస్సు గురించి కాదు, వ్యాకరణం గురించీ కాదు. కుక్క గురించి. నవ్వుకోదలచినవారు ఇక్కడే నవ్వేసుకొని ముందుకు సాగవలసిందిగా మనవి.

2023 వేసవిలో నేనూ మా ఆవిడా ఇంగ్లండులోని రీడింగు పట్టణంలో మా అమ్మాయి ఇంట మూడు నెలలు ఉన్నాము. మనుమరాలికి అప్పుడు పదిహేనేళ్లు. దానికొక కుక్క ఉంది. కాకర్ స్పానియల్ జాతిది, నిలువెల్లా నలుపు, చెవులు మాత్రం జడలు వేయదగినంత పొడవు. పేరు పెప్పర్. నేను వెళ్లిన మొదటిరోజే మిరియం అని పిలిచాను. అదేమి సౌజన్యమో, ఆ పిలుపుకు కూడా పలికింది. ఆ అమ్మాయి ఆ కుక్కతో అజిలిటీ అనే పోటీలలో పాల్గొంటుంది. ఈ మాటకు తెలుగులో ఏమనాలా అని రెండురోజులు ఆలోచించాను. హస్తలాఘవం అంటాము కదా, ఆ లాఘవమే ఇదీ. కాబట్టి లాఘవక్రీడ అందామని నా ప్రతిపాదన. అంతకంటె మంచిమాట ఎవరికైనా తోస్తే వ్యాఖ్యలో తెలియజేయగలరు.

నా మొదటి అభిప్రాయం దాచకుండా చెబుతాను. ఇది సర్కసు అనుకొన్నాను. తిండి ఆశ చూపి జంతువును గెంతించడం, చూసేవారు చప్పట్లు కొట్టడం. ఆ మాట మా అమ్మాయితో అన్నాను కూడా. "ఒక్కసారి వచ్చి చూడండి నాన్నగారూ, తరువాత మాట్లాడుకుందాం" అంది.

వెళ్లాము. విశాలమైన పచ్చిక మైదానం. అందులో ఇరవై దాకా అడ్డంకులు, వాటి పక్కన అంకెలు. దూకవలసిన కడ్డీలు, గుడ్డతో చేసిన సొరంగాలు, ఇంటికప్పులా రెండువైపులా వాలుగా నిలిపిన పలకలు, ఎత్తయిన వంతెన, సీసా (మన గాజుసీసా కాదు, పిల్లల పార్కులలో ఉండే ఊగేపలక), మెలికలు తిరుగుతూ పోవలసిన పన్నెండు కర్రల వరుస. మేము వెళ్లేసరికి మైదానంలో ఒక్క కుక్క కూడా లేదు. పాతికమంది మనుషులు మాత్రం గాలిలో చేతులు ఊపుతూ, లేని కుక్కకు దారి చూపుతూ, గిరుక్కున తిరుగుతూ, తమలో తాము మాట్లాడుకొంటూ తిరుగుతున్నారు. "వీళ్లకేమైందండీ?" అని మా ఆవిడ నా చెయ్యి పట్టుకొంది.

తరువాత తెలిసింది. ప్రతి పోటీకీ న్యాయనిర్ణేత కొత్తగా దారి కల్పిస్తాడు. ఆ దారిని మనిషి మాత్రమే కొద్ది నిమిషాలు నడిచి చూసుకోవచ్చు. కుక్కకు చూపరు. పరుగు మొదలయ్యేవరకూ తాను ఎటు పోవాలో దానికి తెలియదు. పరుగులో చేతిలో తిండి ఉండకూడదు, బొమ్మ ఉండకూడదు. మెడకు గొలుసు ఉండదు. కుక్కను తాకితే తప్పు. కడ్డీ పడితే 5 తప్పులు. పలకల చివర రంగువేసిన భాగం మీద పాదం మోపకుండా దూకేస్తే 5. అడ్డంకి ముందు ఆగినా, పక్కనుంచి పోయినా 5. అలా మూడోసారి జరిగితే తొలగింపు. వరుస తప్పి వేరే అడ్డంకి ఎక్కితే మరి లెక్క లేదు, అప్పుడే తొలగింపు.

ఇక్కడే నా సర్కసు వాదం వీగిపోయింది. సర్కసు జంతువు చేసేది కంఠస్థం. నేర్చిన వరుసనే రోజూ అప్పజెబుతుంది. ఈ కుక్క చేసేది అది కాదు. మునుపెన్నడూ చూడని పాఠాన్ని, వేగంగా పరుగెత్తుతూ, పక్కనున్న మనిషి దేహం నుంచి చదువుకొంటుంది. ముప్పైమూడేళ్లు పిల్లల చేత పద్యాలు అప్పజెప్పించుకొన్న నాకు చదవడానికీ అప్పజెప్పడానికీ ఉన్న తేడా ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఈ ఆట ఎలా పుట్టిందో కూడా చెప్పుకోదగినదే. క్రఫ్ట్స్ అని ఇంగ్లండులో ప్రసిద్ధమైన కుక్కల ప్రదర్శన ఉంది. 1978లో అది లండన్ ఒలింపియాలో జరిగినప్పుడు, పెద్దపోటీల నడుమ విరామంలో జనానికి కాలక్షేపం కావాలనుకొన్నారు. నిర్వాహకవర్గంలోని జాన్ వార్లీ, శిక్షకుడు పీటర్ మీన్‌వెల్‌తో కలిసి, గుర్రాల దూకుడు పోటీని కుక్కలకు అనువుగా మలిచాడు. విరామంలో వేసిన పిట్టకథే అసలు కథను మించిపోయింది. 1980లో అక్కడి కెన్నెల్ క్లబ్ దీనికి నియమాలు ఏర్పరచింది. జాతికుక్కలే కానక్కరలేదు, సంకరజాతివి కూడా ఆడవచ్చు. ఎత్తును బట్టి నాలుగు తరగతులు. మా మిరియం మధ్యతరగతి, దూకవలసిన ఎత్తు 40 సెంటీమీటర్లు.

ఇక ఆనాటి పరుగు. మిరియం బాణంలా బయలుదేరింది. పదకొండో అడ్డంకి దాకా ఒక్క తప్పు లేదు. పన్నెండవది సీసా. దాని పక్కనే సొరంగం నోరు తెరుచుకొని ఉంది. మనుమరాలు "సీసా" అని స్పష్టంగా అరిచింది. నేను విన్నాను. మిరియం సొరంగంలో దూరింది. న్యాయనిర్ణేత చేతులెత్తాడు. తొలగింపు.

పాపం, రెండునెలల శ్రమ. పిల్ల కంటనీరు పెట్టుకొంటుందనుకొన్నాను, కుక్కకు నాలుగు తగులుతాయనీ అనుకొన్నాను. ఆ పిల్ల నవ్వుతూ చివరిదాకా పరుగెత్తి, బయటికి రాగానే కుక్కకు ఇష్టమైన తాడుబొమ్మ ఇచ్చి, దానితో కలిసి గడ్డిలో దొర్లింది.

"తప్పు చేసినదానికి బహుమానమేమిటమ్మలూ?" అన్నాను. గొంతు కొంచెం మాస్టారి గొంతే అయివుంటుంది.

"అది తప్పు చేయలేదు తాతయ్యా. నేను చేశాను."

తల్లి ఫోనులో తీసిన వీడియో చూపించింది. నెమ్మదిగా నడిపించి చూపించింది. నిజమే. నోరు సీసా అంటున్నది. కుడిపాదం సొరంగం వైపు తిరిగివున్నది, భుజం కూడా అటే. కుక్క పాదాన్నే చదివింది. మనిషి కదలికను, పాదాన్ని, భుజాన్ని, చూపును అది ముందు చదువుతుంది. మాటను ఆ తరువాతే వింటుంది.

నాకు నమ్మకం కలుగలేదు. మరునాడు పెరట్లో నేనే పరీక్షించాను. ఒక కడ్డీ, ఒక సొరంగం పెట్టించి "సొరంగం" అన్నాను. మిరియం నా మొహం చూడలేదు, నా చేతికర్రను చూసింది. కర్ర కడ్డీ వైపు ఉంది. అది కడ్డీ దూకి వచ్చి నా ముందు కూర్చొని మెప్పు కోసం ఎదురుచూసింది. మెచ్చుకోక తప్పలేదు.

అప్పటి నుంచి సాయంత్రాలు వాళ్ల శిక్షణ చూస్తూ కూర్చొనేవాణ్ణి. మెలికల కర్రల సంగతి చెబుతాను, నాకు అన్నిటికంటె అదే నచ్చింది. వాటి మధ్య ఎడం 60 సెంటీమీటర్లు. మొదటి కర్ర కుక్క ఎడమభుజం పక్కన ఉండేటట్లు ప్రవేశించాలి. ఒక్క కర్ర వదిలినా చెల్లదు. దీన్ని కుక్కకు ఎలా నేర్పుతారు? మొదట కర్రలను రెండు వరుసలుగా విడదీసి మధ్యలో వీధి వదులుతారు. కుక్క ఆ వీధిలో తిన్నగా పరుగెత్తితే చాలు, మెప్పు దొరుకుతుంది. రోజురోజుకూ వీధిని అంగుళం అంగుళం ఇరుకు చేస్తారు. ఒకనాటికి రెండు వరుసలూ ఒకటవుతాయి, కుక్క తనకు తెలియకుండానే మెలికలు తిరుగుతూ ఉంటుంది. ఎక్కడైనా తప్పితే కుక్కను ఏమీ అనరు. వీధిని మళ్లీ కొంచెం వెడల్పు చేస్తారు. సీసా కూడా అంతే. పలక దభాలున పడే చప్పుడుకు కుక్క బెదురుతుంది కాబట్టి మొదట కింద దిండు పెట్టి, పలక బెత్తెడు మాత్రమే దిగేలా చేస్తారు. మేము గుణింతాలు రాని పిల్లవాడికి ఏకంగా సంధులు చెప్పి, రాలేదని గోడకుర్చీ వేయించినవాళ్లం.

మన భాషలో కుక్కకు మర్యాద తక్కువ. కుక్క బ్రతుకు, కుక్క చావు, కుక్క తోక వంకర. అయితే మన ఆదికవి ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కతల్లిని నిలబెట్టాడు. జనమేజయుడి యాగస్థలి దగ్గర ఆడుకొంటున్న సారమేయుణ్ణి రాజు తమ్ములు నిష్కారణంగా కొడతారు. ఏడుస్తూ వచ్చిన కొడుకును చూసి సరమ రాజును నిలదీస్తుంది. ఆమె నోట నన్నయ చెప్పించిన కందపద్యం తెలుగు బడిలో చదివినవారిలో చాలామందికి నోటికి వచ్చేవుంటుంది. తగినదా కాదా అని ఆలోచించకుండా సాధువులకూ పేదలకూ కీడు చేసేవారికి కారణం తెలియని భయాలు కలుగుతాయని దాని సారం.

ఆ పద్యం నేను లెక్కలేనన్ని సార్లు చెప్పాను. 1987లో కృష్ణాజిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చెప్పినప్పటి సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పద్యాన్ని బోర్డుమీద వ్రాసి పిల్లలను ఎక్కించుకొమ్మన్నాను. మరునాడు ఒక పిల్లవాణ్ణి అప్పజెప్పమంటే "అనిమిత్త" అనవలసినచోట "అనిమిత్ర" అన్నాడు. అర్థం మట్టిగలిసింది. చెయ్యి చాపమని బెత్తంతో రెండు దెబ్బలు కొట్టి, పుస్తకం తెమ్మన్నాను. నోటుపుస్తకంలో అలాగే ఉంది. పక్కవాడి దానిలోనూ అలాగే ఉంది. తరగతి అంతటా అలాగే ఉంది. బోర్డుమీద తవత్తుకు బదులు రవత్తు ఇచ్చింది నేనే. అలా వ్రాసినా గణాలు చెడవు కనుక వ్రాస్తున్నప్పుడు నా చెవికి పట్టలేదు. "అచ్చుపుస్తకం చూసుకోవద్దుట్రా?" అని ఇంకాస్త గదిమి పాఠంలోకి వెళ్లిపోయాను. నిరపరాధియైన కుక్కపిల్లను కొట్టినవాళ్ల కథలోకి.

పిల్లలను కొట్టరాదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. అది అమలులోకి వచ్చాక బెత్తం బీరువాలో పెట్టాను. నాలుకను మాత్రం పెట్టలేదు. ఈ ఇంగ్లండు ప్రయాణం దాకా నేను నా వృత్తిలో తప్పులను వెతికినది ఎప్పుడూ బెంచీల వైపే.

తిరిగివచ్చాక ఈ సంగతులన్నీ చెబితే, నాతో పనిచేసి విరమించిన లెక్కల మాస్టారు ఒకే ప్రశ్న వేశారు. "అయితే శిష్యుడి తప్పులన్నీ గురువువేనా పండితుడుగారూ? వాడికి బద్ధకం ఉండదా, పొగరు ఉండదా?" న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గర సిద్ధాంతం లేదు, చూసినది ఉంది. ఒకనాటి సాయంత్రం మిరియం వంతెన ఎక్కనని మొండికేసింది. నిన్న ఎక్కినదే. నాకైతే అది పొగరుగానే కనిపించింది. మనుమరాలు రెండోసారి ఆజ్ఞ ఇవ్వలేదు. కూర్చొని, దాని నాలుగు పాదాలూ ఒక్కొక్కటిగా విప్పి చూసింది. ముందరికాలి వేళ్ల సందున గడ్డిగింజ ములుకులా గుచ్చుకొని ఉంది. పొగరు ఉండదని నేననను. పాదం చూడకముందే పొగరు అనకూడదని మాత్రం అంటాను.

ఆ క్రీడలో అందరూ ఋషులేమీ కారు. అదే మైదానంలో ఒకాయన తన కుక్క కడ్డీ పడగొట్టినందుకు బయటికి వచ్చాక గుడ్లురిమి కేకలు వేయడం చూశాను. ఆ కుక్క తోక కాళ్ల మధ్యకు పోయింది. పోటీస్థలంలో కుక్కతో కటువుగా ప్రవర్తిస్తే తొలగించే నియమం ఉంది, ఆయన పోటీ గీత దాటాకనే అరిచాడు. మనిషి ఎక్కడైనా మనిషే. ఎదుగుతున్న ఎముకలకు దెబ్బ అని పద్దెనిమిది నెలలు నిండనిదే కుక్కను పోటీకి రానివ్వరు, మంచిదే. కాని పోటీ ముదిరినచోట రంగురిబ్బను మీద ఆశ కుక్కది కాదు, మనిషిది. నాకు నచ్చినది శిక్షణ. పోటీ లేకపోయినా నాకు లోటు లేదు.

పోయిన సంక్రాంతికి ఆ పిల్లవాణ్ణి వెతుక్కొంటూ వెళ్లాను. పిల్లవాడేమిటి, యాభై దాటాయి, తల నెరిసింది. ఆ ఊళ్లోనే ఎరువుల కొట్టు. నన్ను చూసి గల్లాపెట్టె దగ్గరనుంచి లేచి నిలబడ్డాడు. "మాస్టారూ, మీరు ఇంతదూరం రావాలా, కబురుచేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండీ" అన్నాడు. దెబ్బల సంగతి ఎత్తాను. "మీరు కొట్టిన రోజులు చాలా ఉన్నాయి లెండి, ఏదని గుర్తుపెట్టుకోను?" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు హాయి కలిగించలేదు. పద్యం మాత్రం మరచిపోలేదన్నాడు. కొట్టు ముందు, యూరియా బస్తాల పక్కన చేతులు కట్టుకొని, రాగం కూడా నేను నేర్పినదే, మొత్తం చదివాడు.

అనిమిత్ర అనే చదివాడు.

ఆపి, చీటీపుస్తకం తెమ్మని, దాని వెనుక సరియైన మాట వ్రాసి ఇచ్చాను. ఆనాడు బోర్డుమీద తప్పు వ్రాసింది నేనని, నువ్వు నేను వ్రాసినట్టే చదివావని చెప్పాను. కాసేపు ఆ చీటీ వైపు చూసి, మడిచి జేబులో పెట్టుకొని, టీ తెప్పించాడు.