నారపల్లి ట్రాఫిక్‌లో తప్పంతా మనుషులదేనా? ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో చూడండి

ఉప్పల్–నారపల్లి రోడ్డులో, 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ పనుల పక్కన ఇరుక్కున్న ప్రతిసారీ ఒకటే మాట: "మనోళ్లు మారరు!" నాకైతే అది కరెక్ట్ అనిపించదు.

ఎందుకో తెలియాలంటే నెట్‌లోగో ఓపెన్ చేయండి. 1999లో యూరీ విలెన్స్కీ తెచ్చిన ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, గేమింగ్ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. మోడల్స్ లైబ్రరీలో 'పీడీ బేసిక్ ఎవల్యూషనరీ' రన్ చేయండి. పీడీ అంటే ప్రిజనర్స్ డైలమా. ప్రతి గడీ చుట్టూ ఉన్న 8 గడులతో ఆడి, ఎక్కువ పాయింట్లు వచ్చినదాన్ని కాపీ కొడుతుంది. నీలం సహకరించేది, ఎరుపు మోసం చేసేది. మోసానికి దక్కే లాభం స్లైడర్‌లో తగ్గిస్తే నీలం గుంపులుగా నిలబడుతుంది. పెంచుతూ పోతే అంతా ఎరుపే. పక్కవాళ్లంటూ లేకుండా ఎవరు ఎవరితోనైనా ఆడితే నీలం నిలవదు. నోవాక్, మే ఈ తేడాను 1992లోనే చూపించారు.

గల్లీలో దారి ఇచ్చేవాడే హైవే మీద అడ్డంగా దూరతాడు. గల్లీలో పక్కవాళ్లు ఎప్పుడూ వాళ్లే, హైవే మీద నిమిషానికో కొత్త ముఖం.

ఇది ట్రాఫిక్ సిమ్యులేటర్ కాదు, జోస్యమూ చెప్పదు. కానీ నా వెర్డిక్ట్ ఒకటే: మనుషుల్ని తిట్టే ముందు, అడ్డంగా దూరితేనే లాభం అన్నట్టు రోడ్డు ఎందుకు ఉందో అడగండి.