పర్మిషన్ ఉందండీ!

కొన్నేళ్ల క్రితం వినాయక నవరాత్రులలో ఒక రాత్రి. అప్పటికి అమ్మ మంచం పట్టి నెల దాటింది. కాస్త మగతగా కళ్లు మూతపడినప్పుడల్లా, వీధిలోని దరువుకు ఉలిక్కిపడి లేస్తోంది. 11 గంటలు దాటాక ఇక ఉండబట్టలేక నాలుగిళ్ల అవతలి పందిరి దగ్గరికి వెళ్లాను. అక్కడి కుర్రవాళ్లు దురుసువాళ్లేమీ కారు. నా మాట విన్నారు, ధ్వని తగ్గించారు. వారిలో ఒకడు మాత్రం మర్యాదగానే, "పర్మిషన్ ఉందండీ" అన్నాడు. నేను తిరిగివచ్చి మా గేటు గడియ పెట్టేలోగా పాట మళ్లీ మొదటి స్థాయికి చేరుకుంది.

ఆ మాట చాలాకాలం నా చెవిలో ఉండిపోయింది. ఆ అనుమతి ఎవరిచ్చారు? దేనికిచ్చారు? తరువాత తీరిక చేసుకుని నిబంధనలు చదివాను.

కేంద్రప్రభుత్వం 2000లో చేసిన ధ్వనికాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడుస్పీకర్లు మోగరాదు. 2002లో దీనికొక సడలింపు చేర్చారు. సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాలలో, ఏడాదికి 15 రోజులకు మించకుండా, రాత్రి 10 నుండి 12 వరకు రాష్ట్రప్రభుత్వం అనుమతించవచ్చు. ఈ సడలింపు చెల్లదని కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2005 అక్టోబరు 28న కోర్టు దానిని సమర్థించింది. సమర్థిస్తూనే చుట్టూ గట్టి కంచె వేసింది. రోజులు పెంచరాదు, రెండు గంటలు దాటరాదు. ఆ అధికారాన్ని ప్రభుత్వం మరొకరికి అప్పగించరాదు. ఆసుపత్రులవంటి నిశ్శబ్ద మండలాలకు మినహాయింపు వర్తించదు. ఏయే రోజులో ముందుగానే ప్రకటించాలి. ఈ చివరి షరతు 2010లో నియమాలలోకే ఎక్కింది.

ఇందులో మనలో చాలామంది గమనించని సంగతి మరొకటుంది. సడలింపు వేళకే గాని ధ్వనికి కాదు. నివాసప్రాంతాలలో రాత్రిపూట పరిమితి 45 డెసిబెల్స్. మైకు మోగుతున్న బహిరంగస్థలపు సరిహద్దు వద్ద అంతకు 10కి మించి పెరగకూడదన్న నిబంధన పండుగనాడూ అలాగే ఉంటుంది. అంటే 55. అది ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకునేటంత ధ్వని కన్నా తక్కువే! కిటికీ అద్దాలు అదిరే దరువుకు ఏ ప్రభుత్వమూ అనుమతి ఇవ్వలేదు, ఇవ్వలేదు కూడా.

అలాగే 10 నుండి 12 అంటే 10 నుండి 12 మాత్రమే. తెల్లవారుజామున 6 కాకముందు మైకులో వచ్చేది ధనుర్మాసపు పాశురమైనా, అజాన్ అయినా, చర్చి కీర్తన అయినా ఈ మినహాయింపు పరిధిలోకి రాదు. ధనుర్మాసం ఎలాగూ 15 రోజులతో తీరేది కాదు. ఇక పెళ్లి ఊరేగింపులంటారా, ముందుగా ప్రకటించిన పండుగరోజుల జాబితాకూ మన పురోహితుడు పెట్టిన ముహూర్తానికీ సంబంధమే లేదు.

ఇదంతా చాదస్తమనుకునేవారికి ఒక్క సంగతి గుర్తుచేయాలి. సుప్రీంకోర్టు ముందుకు ఈ వ్యవహారం రావడానికి తక్షణ కారణం 1998 జనవరిలో పత్రికలలో వచ్చిన ఒక వార్త. 13 ఏళ్ల బాలిక అత్యాచారానికి గురై పెట్టిన కేకలు, పొరుగున మోగుతున్న లౌడుస్పీకరు హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఆమె ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. హోరు నిద్రను మాత్రమే మింగదు.

అయినా నేను మినహాయింపుకు వ్యతిరేకిని కాను. తిరునాళ్లలో తెల్లవార్లూ సాగిన పద్యనాటకాలు చూసి పెరిగినవాణ్ణి. పన్నెండింటికి తెర దించేయమనే చట్టం నాకూ కష్టంగానే ఉంటుంది. ఏడాదిలో కొన్ని రాత్రులైనా ఊరు ఊరంతా మేలుకుని ఉండాలి. ఆ మాత్రం వెసులుబాటు లేని శాసనాన్ని జనం ఎలాగూ ఖాతరు చేయరు. నా తగవు మినహాయింపుతో కాదు, దానిని అడగవలసిన చోట అడగకపోవడంతో. అనుమతి ఇచ్చేవారు ఎక్కడో ఉంటారు, భరించేవారు ప్రక్కింట్లో ఉంటారు.

అమ్మ ఆరోగ్యం అప్పుడప్పుడే దెబ్బతింటున్న రోజులలో మా ఎదురింట్లో పెళ్లి జరిగింది. రెండు రోజుల ముందే పిల్ల తండ్రి స్వయంగా వచ్చి, "రెండు రాత్రులు ఓర్చుకోవాలి మాస్టారూ. అమ్మగారు పడుకునే గది ఎటువైపు?" అని అడిగి, పెట్టెలను అవతలి దిక్కుకు తిప్పించారు. చట్టం దృష్టిలో ఆయన చేసినదీ తప్పే. ఆ రాత్రి కూడా అమ్మ సరిగా నిద్రపోలేదు. కాని, "పెళ్లివారిల్లు, ఆ మాత్రం సందడి ఉండదా" అంది. నవరాత్రులలో ఆమె నోట అటువంటి మాట రాలేదు.

నీతులు చెబుతున్నాను గాని, మా తమ్ముడి పెళ్లికి అర్ధరాత్రి ఒంటిగంట దాకా వీధిలో బ్యాండు వాయించినవాళ్లం మేమే. ఏ ఇంట్లో పసిపిల్ల ఉందో, ఏ ఇంట్లో పరీక్షకు చదువుకునే కుర్రవాడున్నాడో విచారించాలన్న ఊహే మాకు రాలేదు. మంచం ప్రక్కన కూర్చున్ననాడు గాని అది తప్పని తోచలేదు.

ముందుగా ప్రకటించాలన్న షరతు రాజధానిలో వెలువడే ఉత్తర్వుతో తీరిపోతుందని నేననుకోను. అది వీధిదాకా రావాలి. పందిరి రాట వేసిననాడే, ఏయే రాత్రులు, ఎంతవరకు, ఇబ్బందైతే ఎవరికి ఫోను చేయాలి అన్న మూడు ముక్కలు అట్టమీద వ్రాసి కట్టవచ్చు. చందాకు ప్రతి గడపా ఎక్కుతాం కదా! ఆ గడపలోనే, "మీ ఇంట్లో ఎవరికైనా నలతగా ఉందా?" అని అడగడానికి అదనపు ఖర్చేమీ లేదు.

ఆ కుర్రవాడి దగ్గర కాగితం ఉండే ఉంటుంది, కాదనను. ఆ కాగితం చూపినవాడు, ఒక్కసారి లోపలికి వచ్చి అమ్మను చూసి వెళ్లి ఉంటే బాగుండేది.