మే నెలలో కాలేజీ తలుపులు ఎవరి కోసం?

సంక్రాంతి వెళ్లగానే హైదరాబాద్, విజయవాడ తల్లిదండ్రుల ఫోన్లలో ఒక రకం ప్రకటనలు మొదలవుతాయి. మీ అబ్బాయి ఈ వేసవిలో ఆక్స్‌ఫర్డ్ కాలేజీలో రెండు వారాలు ఉండి చదువుకోవచ్చు, వందల ఏళ్ల నాటి భోజనశాలలో భోంచేయవచ్చు, చివర్లో సర్టిఫికెట్ కూడా అందుకోవచ్చు అన్నది వాటి సారాంశం. ఫీజు లక్షల్లో ఉంటుంది. వాటిలో చాలా కార్యక్రమాలకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంతో సంబంధం లేదన్న సంగతి మాత్రం చిన్న అక్షరాల్లో కూడా సరిగా కనిపించదు. సెలవుల్లో ఖాళీగా ఉన్న గదులను కాలేజీలు అద్దెకిస్తాయి. ప్రైవేటు కంపెనీలు వాటిని తీసుకుని తమ కోర్సులు తాము నడుపుకుంటాయి. కాలేజీకి అద్దె వస్తుంది, కంపెనీకి పాత గోడల పేరు కలిసొస్తుంది. పిల్లవాడికి దక్కేది ఫొటోలు, ఒక కాగితం.

తప్పు పాత కాలేజీలో వేసవి బడి పెట్టడంలో లేదు. ఆ ఆలోచన పుట్టిందే ఇందుకు పూర్తిగా విరుద్ధమైన ఉద్దేశంతో. 1888 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్ తొలి 'సమ్మర్ మీటింగ్' పెట్టింది. విశ్వవిద్యాలయంలో చేరే యోగం లేక, తమ ఊళ్లలో సాయంత్రపు ఉపన్యాసాలు విని చదువుకుంటున్నవారిని పిలిచింది. దాదాపు 900 మంది వచ్చారు. వారిలో బడిపంతుళ్లు ఉన్నారు, మహిళలు పెద్దసంఖ్యలో ఉన్నారు. అప్పటికి ఆక్స్‌ఫర్డ్ మహిళలకు డిగ్రీలే ఇవ్వదు. అవి ఇవ్వడానికి 1920 దాకా ఆగింది. ఆ సమావేశం వెనుక ప్రధానంగా పనిచేసిన మైకేల్ శాడ్లర్ మనకు పరాయివాడు కాదు. 1917లో ఏర్పడిన కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్‌కు ఆయనే అధ్యక్షుడు. ఇంటర్మీడియట్ చదువును విశ్వవిద్యాలయం నుంచి విడదీయాలన్నది ఆ శాడ్లర్ కమిషన్ సిఫారసే. తొలి సమ్మర్ మీటింగ్ జరిగి శతాబ్దం దాటాక, 1997లో, సటన్ ట్రస్ట్ అనే సేవా సంస్థ అదే ఆక్స్‌ఫర్డ్‌లో ప్రభుత్వ బడుల పిల్లలకు వేసవి బడి మొదలుపెట్టింది. అంటే ఒకే గదిలో రెండు రకాల వేసవి సాగుతోంది. ఒకటి రాలేనివారిని పిలిచేది, రెండోది డబ్బున్నవారికి పేరు అమ్మేది.

ఈ రెండింటిలో మన దారి ఏదో తేల్చుకోవడానికి చీరాల దగ్గరి కారంచేడు నుంచి చూస్తే బాగా కనిపిస్తుంది. ఎందుకంటే వేసవిలో యువకులను ఒకచోట ఉంచి చదువు చెప్పడం ఈ తీరానికి ఆక్స్‌ఫర్డ్ ప్రకటనలు నేర్పిన విద్య కాదు. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా 1920ల్లో ఆక్స్‌ఫర్డ్‌లోనే ఆర్థికశాస్త్రం చదివారు. తిరిగొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యుడిగా చేశారు. అక్కడే స్థిరపడి ఉంటే ఆ కథ అంతటితో ముగిసేది. ఆయన సొంత ఊళ్లో రైతు విద్యాలయం పెట్టి, పల్లె యువకులకు శిస్తు, అప్పు, కౌలు, చట్టం గురించి పాఠాలు చెప్పించారు. 1937 మే నెలలో ఒంగోలు దగ్గరి కొత్తపట్నంలో కాంగ్రెస్ సోషలిస్టులు వేసవి ఆర్థిక, రాజకీయ పాఠశాల పెట్టారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది, విద్యార్థులపై లాఠీలు విరిగాయి. అయినా ప్రయత్నం ఆగలేదు. బాపట్ల దగ్గరి మంతెనవారిపాలెంలోనూ అలాంటి బడి నడిచింది. ఈ బడులకు సొంత భవనాలు లేవు. సముద్రపు గాలి, తాటాకు నీడ, ఊరివాళ్లు పెట్టిన భోజనమే వాటి వసతి. అక్కడ చదివినవారిలో ఎందరో తరవాతి దశాబ్దాల్లో ఆంధ్ర రాజకీయాలను నడిపారు.

ఇవాళ పరిస్థితి తిరగబడింది. భవనాలున్నాయి, వేసవి బడులు లేవు. కారంచేడుకు బాపట్ల ఎంతో దూరం కాదు. చీరాల వెళ్లి రైలెక్కితే అరగంట ప్రయాణం. అక్కడి వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. ఆంధ్ర ప్రాంతంలో వ్యవసాయ విద్యకు అదే తొలి కళాశాల. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని గూటికి చేరింది. ఆ విశ్వవిద్యాలయానికే 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. నిడుబ్రోలులో రైతు యువకులకు బడి పెట్టిన మనిషి పేరే ఇప్పుడు ఈ కళాశాల బోర్డు మీద ఉంది. ఆయన చేసిన పని మాత్రం కళాశాల వార్షిక క్యాలెండర్‌లో కనిపించదు.

ఈ ఆవరణకు గొప్ప పేరుంది, అది గోడల వల్ల వచ్చింది కాదు. తెలుగునాట సన్నబియ్యం తినే ప్రతి ఇంట్లో బాపట్ల ఉంది. సాంబ మసూరిగా పేరుపడిన బీపీటీ 5204 వరి వంగడం ఇక్కడే రూపుదిద్దుకుని 1986లో విడుదలైంది. ఆ తర్వాత ఎన్ని వంగడాలు వచ్చినా మిల్లరు దగ్గర, వంటింట్లో దాని ధర, రుచి కొలమానంగా నిలిచాయి. కారంచేడులో పదో తరగతి చదివే పిల్లకు ఆ బియ్యం రోజూ తెలుసు. అది పక్క ఊరి ప్రయోగ క్షేత్రంలో పుట్టిందని, ఒక మొక్క పుప్పొడిని మరో మొక్కకు చేర్చి, ఏళ్ల తరబడి ఏరుకుంటూ పోతే వంగడం అవుతుందని ఆమెకు ఎవరు చూపించాలి? జీవశాస్త్రం పుస్తకంలో మెండెల్ బఠాణీలున్నాయి. బాపట్ల వరి లేదు.

రెండో ఉదాహరణ దొరువు. బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో వాననీరు ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ పలచని పొరగా నిలుస్తుంది. మంచినీరు తేలిక కావడమే కారణం. ఇసుకలో కాస్త లోతు గుంట తవ్వితే ఆ నీరు ఊరుతుంది. ఆ గుంటే దొరువు. పూర్వం రైతులు అందులోకి దిగి కడవలతో ముంచి, నారుమళ్లకు, కూరగాయలకు పోసేవారు. ఆశపడి బోరు వేసి గట్టిగా తోడితే అడుగు నుంచి ఉప్పునీరు పైకొచ్చి పంటా పోతుంది, బావీ పోతుంది. బాపట్లలో ఉప్పునీటి వినియోగంపై పరిశోధన చేసే శాస్త్రవేత్తలు ఈ పాత పద్ధతినే మెరుగుపరిచారు. ఇసుక కింద అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, వాటిలోకి చేరే మంచినీటిని మెల్లగా ఒక బావిలోకి రప్పించి, అక్కడి నుంచి తుంపర పద్ధతిలో పొలానికి అందించారు. నీటి సాంద్రత, భూగర్భజలం, సముద్రం చొచ్చుకురావడం, విద్యుత్ మోటారు, పంట లెక్క అన్నీ ఒక్క గుంట దగ్గర నిలబడి నేర్చుకోవచ్చు. వేసవి బడికి ఇంతకన్నా మంచి పాఠం ఏ విదేశీ కాలేజీ పచ్చిక మీద దొరుకుతుంది?

మే నెలలో పొలాల్లో పైరేం ఉంటుంది, వ్యవసాయ కళాశాలలో పిల్లలకు ఏం చూపిస్తారు అని అడగవచ్చు. నిజమే, డెల్టాలో అప్పటికి కోతలైపోయి కాలువలు కట్టేసి ఉంటాయి. పశ్చిమ డెల్టా చివరి భూములకు నీళ్లందించే కొమ్మమూరు కాలువ అడుగు అప్పుడే కనిపిస్తుంది. పూడిక ఎక్కడ ఉందో, చివరి ఆయకట్టుకు నీరు ఎందుకు అందదో చూడాలంటే అదే సమయం. మట్టి పరీక్షకూ అదే అదును. చేలో పది చోట్ల పైచెత్త తీసి, 'వి' ఆకారంలో జానెడు లోపు గుంట తీసి, పక్క నుంచి మట్టి చెక్కాలి. గట్ల దగ్గర, చెట్టు నీడన, ఎరువు కుప్ప వేసిన చోట తీయకూడదు. అంతా గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయాలి. అరకిలో మిగిలేదాకా అలాగే చేయాలి. ఈ పని చేతులారా చేసిన పదో తరగతి విద్యార్థికి శాంపిల్ అంటే ఏమిటో, సగటు ఎందుకు తీస్తారో వేరే చెప్పనక్కర్లేదు. జూన్‌లో ఆ ఫలితం కాగితం నాన్న చేతికి వస్తే ఎరువుల కొట్లో ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న కూడా మారుతుంది.

మన పిల్లల వేసవి ఇప్పుడెలా గడుస్తోంది? పదో తరగతి పరీక్షలు ముగిసిన వారానికే బ్రిడ్జి కోర్సు. సెలవుల్లో తరగతులు నడపొద్దని ఇంటర్మీడియట్ బోర్డు ఆదేశాలు ఇస్తుంది. వాటిని ఎంత గట్టిగా అమలు చేస్తారో తల్లిదండ్రులందరికీ తెలుసు. స్తోమత ఉన్నవాళ్ల పిల్లలు ఏసీ గదిలో వచ్చే ఏడాది సిలబస్ ముందే చదువుతారు. లేనివాళ్ల పిల్లలు మిర్చి కల్లాల్లో కూలికో, చీరాలలో దుకాణాల్లో పనికో వెళ్తారు. చారిత్రక కళాశాల ఆవరణ ఈ ఇద్దరికీ భిన్నమైన మూడో దారి చూపగలదు. సిలబస్ లేని, ర్యాంకు లేని రెండు వారాలు.

ఇది ఆచరణలో సాధ్యమేనని దేశంలో నడుస్తున్న కార్యక్రమాలు చెబుతున్నాయి. తర్వాతి కాలంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గణిత ఆచార్యుడు ఎస్. కుమరేశన్ 1993లో ఎంటీటీఎస్ అనే వేసవి గణిత శిక్షణ మొదలుపెట్టారు. కళాశాల విద్యార్థులను నాలుగు వారాలు ఒకచోట ఉంచి, ఉపన్యాసాలు తగ్గించి ప్రశ్నలతోనే పాఠం నడిపించడం దాని పద్ధతి. ఇస్రో 2019లో తొమ్మిదో తరగతి పిల్లల కోసం యువిక ప్రారంభించింది. మే నెలలో రెండు వారాల పాటు శ్రీహరికోట లాంటి కేంద్రాల్లో ఉంచుతారు. ప్రయాణం, బస, భోజనం ఖర్చు ఇస్రోదే. ఎంపికలో పల్లె బడుల్లో చదివేవారికి అదనపు మార్కులుంటాయి. ఈ రెండింటిలోనూ చదువు చెప్పేది ఆ సంస్థల వాళ్లే, గదులు అద్దెకు తీసుకున్న మధ్యవర్తి కాదు.

అడ్డంకులు లేవని కాదు. వ్యవసాయ కోర్సులు సెమిస్టర్ పద్ధతిలో నడుస్తాయి కాబట్టి పరీక్షలు జరిగితే మే నెలలో హాస్టళ్లు పూర్తిగా ఖాళీ కావు. మెస్ నడిపేవాళ్లకూ, వార్డెన్లకూ దొరికే విరామం అదొక్కటే. పైగా వడగాలులు. అందుకే తరగతులు తెల్లవారుజామున పొలంలో మొదలై పదింటికి ముగియాలి, మధ్యాహ్నం ప్రయోగశాలలోనో గ్రంథాలయంలోనో గడవాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, రాత్రిపూట ఉండే చోట మహిళా వార్డెన్, డాక్టరు, తల్లిదండ్రులకు ఫోనులో దొరికే మనిషి తప్పనిసరి. అధ్యాపకులకు ఆ రెండు వారాలకు బదులు సెలవు ఇవ్వకుండా అదనపు బరువు మోపితే రెండో ఏడాదికి ఎవరూ ముందుకు రారు. ఇవన్నీ చేయలేని పనులేం కాదు. పెళ్లిళ్లకూ పోటీ పరీక్షల కేంద్రాలకూ ఆవరణలు ఇవ్వగలిగినప్పుడు అరవై మంది పిల్లలకు ఇవ్వలేమనడం కుదరదు.

అసలు కష్టం ఎంపికలో ఉంది. దాన్ని కారంచేడు పేరు చెప్పుకుని తప్పించుకోలేం. 1985 జూలై 17న ఈ ఊళ్లో మాదిగ పల్లె మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. గొడవ రాజుకున్నది తాగునీటి చెరువు దగ్గర. బాధితులు ఊరు విడిచి చీరాలలో తలదాచుకున్నారు. కొద్ది వారాల్లోనే తెనాలిలో దళిత మహాసభ పుట్టింది. నలభై ఏళ్లు గడిచినా ఆ చరిత్ర గుర్తున్న చోట, వేర్వేరు పల్లెల, వేర్వేరు వాడల పిల్లలు పద్నాలుగు రోజులు ఒకే పంక్తిలో తిని, ఒకే గదిలో పడుకుని, ఒకే దొరువు నీళ్లు తోడటం పాఠాలకు అనుబంధం కాదు, అదే పెద్ద పాఠం. కాబట్టి ఎవరు లోపలికి వస్తారన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. వ్యవసాయ డిగ్రీ ప్రవేశాల్లో భూమి ఉన్న రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది. ఆ కొలతే వేసవి బడికీ పెడితే కౌలురైతు కూతురు, కూలీ కొడుకు గేటు బయటే ఉంటారు. డెల్టాలో దున్నేది ఎక్కువగా కౌలుదార్లే అయినప్పుడు భూమి పాసు పుస్తకం చూసి వ్యవసాయం నేర్పడం అర్థం లేని పని. మార్కుల జాబితా ఒక్కటే చూసినా అంతే, సీట్లన్నీ పట్నం బడులకు పోతాయి. మండలానికి ఇన్ని అని, ప్రభుత్వ బడులకే అని, సగం ఆడపిల్లలకని, భూమి లేని ఇళ్లకు ముందని రాతపూర్వకంగా పెట్టుకోవాలి.

కళాశాలలకు డబ్బు అవసరమే, అద్దెలు పాపమేం కాదు. ఖాళీ గదులు శిక్షణలకు ఇచ్చి, ఆ రాబడితో పాత భవనాలకు మరమ్మతు చేయించుకుంటే మంచిదే. కానీ కళాశాల పేరు, ముద్ర ఉన్న సర్టిఫికెట్ మాత్రం సొంత అధ్యాపకులు చెప్పిన చదువుకే ఇవ్వాలి. ఆ గీత చెరిగిపోతే ఆక్స్‌ఫర్డ్ వీధుల్లో జరుగుతున్నదే రేపు బాపట్లలోనూ జరుగుతుంది. ఎవరో బోర్డు పెడతారు, మన పేరు వాడుకుంటారు, పల్లె పిల్లలు ఆ బోర్డు చూస్తూ బస్సులో వెళ్లిపోతారు.

గుంటూరు దగ్గరి లాంలో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయ పాలకులు వచ్చే విద్యా సంవత్సరపు క్యాలెండర్ వేసేటప్పుడే మే నెలలో రెండు వారాలు ఇందుకు కేటాయించాలి. తొలి ఏడాది బాపట్ల జిల్లా ప్రభుత్వ పాఠశాలల నుంచి అరవై మంది చాలు. ఖర్చు విశ్వవిద్యాలయమూ విద్యాశాఖా పంచుకోవాలి, పిల్లల దగ్గర రూపాయి తీసుకోకూడదు. రంగా పేరు పెట్టుకున్న సంస్థ, సొంత భవనం కూడా లేని రోజుల్లో ఆయన తరం చేసిన పనిని ఇంత ఆవరణ ఉండి చేయలేకపోతే, ఆ పేరు బోర్డుకే పరిమితమైనట్టు.